నోరు మూయించే ముందు ముక్కు సంగతి చూడండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గాజువాక. మా బాబుకి ఏడేళ్ళు, రెండో తరగతి. చిన్నప్పటి నుంచీ నోరు తెరుచుకునే ఉంటాడు. రాత్రి గురక పెడతాడు. తెల్లారేసరికి తలగడ చొంగతో తడిసిపోతుంది. కొత్తగా వచ్చిన పై పళ్ళు రెండూ ముందుకు పొడుచుకొస్తున్నాయి. అన్నం ముద్ద బుగ్గన పెట్టుకుని అలాగే కూర్చుంటాడు. క్లాసులో ధ్యాస ఉండటం లేదని టీచర్ పిలిచి చెప్పారు. పళ్ళు చూపిద్దామని ఒక క్లినిక్‌కి వెళ్తే, నాలుక ఉండాల్సిన చోట లేదు, మయోఫంక్షనల్ థెరపీ, అంటే నాలుకకి, పెదాలకి వ్యాయామాలు, చేయించాలి అన్నారు. రాత్రిళ్ళు నోట్లో పెట్టుకునే సిలికాన్ ట్రైనర్‌తో కలిపి ఏడాది ప్యాకేజీ 45,000 రూపాయలట, ఈ వారంలో కడితే డిస్కౌంట్ అట. మా అత్తయ్య గారేమో "వాళ్ళ నాన్నా చిన్నప్పుడు ఇంతే, పెద్దయితే అదే పోతుంది" అంటున్నారు. మా వారిది స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టుల డ్యూటీ, "నువ్వే ఏదో ఒకటి తేల్చు" అనేశారు. ఫోన్ తెరిస్తే పడుకునేటప్పుడు నోటికి టేపు వేయమనే వీడియోలు. టేపు వేయొచ్చా? డబ్బు కట్టాలా? వేసవి సెలవుల్లో స్విమ్మింగ్‌లో చేర్పిస్తే ఊపిరి బాగుపడుతుందని పక్కింటావిడ అంటోంది, నిజమేనా?
- ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, ముందు టేపు సంగతి. వద్దు. ముక్కు మూసుకుపోయిన పిల్లవాడికి నోరే ఊపిరి దారి. దాన్ని కూడా మూసేస్తే నిద్రలో వాడు మీకు చెప్పలేడు, వాంతి వచ్చినా బయటికి వదలలేడు. ఆ వీడియోల్లో కనిపించేది ఎక్కువగా పెద్దవాళ్ళు. వాళ్ళని చూసి పిల్లల మీద ప్రయోగం చేయకండి.

డబ్బు కూడా ఇప్పుడే కట్టకండి. ఆ థెరపీ బూటకం అని నేను అనడం లేదు, నేనూ కొంతమంది పిల్లలకి అవే వ్యాయామాలు నేర్పిస్తాను. కానీ మీ బాబు విషయంలో దాని వంతు ఇంకా రాలేదు. ఈ వారంలో కడితేనే తగ్గింపు అనే మాట జగదాంబ సెంటర్‌లో చీరల షాపువాళ్ళు అంటే బాగుంటుంది. ఏడేళ్ళుగా తెరుచుకుని ఉన్న నోరు ఇంకో రెండు నెలలు ఆగితే కొంప మునగదు. ఆ రెండు నెలల్లో చేయాల్సిన పని వేరే ఉంది.

పిల్లవాడు నోటితో గాలి పీలుస్తున్నాడంటే కారణం రెండింటిలో ఒకటై ఉంటుంది. ముక్కులోంచి గాలి వెళ్ళకపోవడం ఒకటి. ఒకప్పుడు వెళ్ళక నోరు తెరవడం అలవాటై, ఇప్పుడు ముక్కు బాగున్నా ఆ అలవాటు వదలకపోవడం రెండోది. మొదటిదైతే ఈఎన్‌టీ డాక్టర్ పని, రెండోదైతే వ్యాయామాల పని. చాలామంది పిల్లల్లో రెండూ కలిసి ఉంటాయి. అలాంటప్పుడు కూడా వరస అదే, ముందు ముక్కు, తర్వాత నాలుక. మీరు వెళ్ళిన క్లినిక్‌లో ముక్కు గురించి ఎవరైనా అడిగారా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు, నాకు అనుమానం అక్కడే వచ్చింది.

ఇంట్లోనే చిన్న పరీక్ష చేయొచ్చు. జలుబు లేని రోజు చూసి, బాబుని కూర్చోబెట్టి, నోట్లో ఒక గుక్క నీళ్ళు పోసి, మింగకుండా పెదాలు మూసుకుని కార్టూన్ చూడమనండి. రెండు మూడు నిమిషాలు హాయిగా ఉండగలిగితే ముక్కు దారి కొంతైనా తెరిచే ఉందని అర్థం. అరనిమిషంలోనే ఉక్కిరిబిక్కిరై మింగేస్తే లేదా ఉమ్మేస్తే ముక్కులో అడ్డు ఉందని అనుకోవాలి. తర్వాత నోరు మూసి ఉంచి, ముక్కు కింద చిన్న అద్దం పెట్టి చూడండి. రెండు రంధ్రాల కిందా ఆవిరి పడుతుందా, ఒక వైపే పడుతుందా? ఇవి డాక్టర్ పరీక్షకి బదులు కాదు. కానీ అక్కడికి వెళ్ళినప్పుడు "ఏమో డాక్టర్ గారూ" అనే బదులు చెప్పడానికి మీ దగ్గర ఏదో ఒకటి ఉంటుంది.

అంతకంటే విలువైనది నిద్ర వీడియో. పడుకున్న గంటకి ఒకసారి, తెల్లవారుజామున నాలుగైదు గంటల మధ్య ఒకసారి, ఫోన్‌లో రెండేసి నిమిషాలు తీయండి. సౌండ్ రావాలి, చొక్కా తీసి ఛాతీ కనిపించాలి. తెల్లవారుజామునే ఎందుకంటే, కలలు వచ్చే నిద్ర ఆ వేళ ఎక్కువ. అప్పుడు గొంతు కండరాలు బాగా వదులైపోతాయి, ఊపిరి ఇబ్బంది ఉంటే ఆ సమయంలోనే బయటపడుతుంది. గురక మధ్యలో ఆగి, కొన్ని క్షణాల నిశ్శబ్దం తర్వాత ఒక్కసారిగా ఎగపీల్చి మళ్ళీ మొదలవుతుందా? గాలి పీల్చినప్పుడు పక్కటెముకల కింద, గొంతు గుంటలో లోపలికి లాక్కుంటుందా? మెడ వెనక్కి విరిచి పడుకుంటున్నాడా? ఏసీ వేసినా తల తడిసేలా చెమట పడుతుందా? మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైందా? వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా చూపించండి. ఊపిరి ఆగినప్పుడు పెదాలు నీలంగా మారితే మాత్రం తెల్లారేదాకా కూడా ఆగకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

జలుబు లేకుండా వారంలో మూడు రాత్రులు, అంతకంటే ఎక్కువ గురక పెట్టే పిల్లవాడిని పరీక్ష చేయించాల్సిందే. "బాగా అలిసిపోయాడు, అందుకే గాఢనిద్ర" అని మన ఇళ్ళలో మురిసిపోతుంటారు. పిల్లల గురక గాఢనిద్రకి గుర్తు కాదు.

ఇక ఈఎన్‌టీ దగ్గర ఏం జరుగుతుందో చెప్తాను, టెన్షన్ పడకుండా వెళ్తారు. ముక్కు వెనక, కొండనాలుకకి పైన, మనకి కనిపించని చోట అడినాయిడ్స్ అనే కండ ఉంటుంది. గొంతులో రెండు పక్కలా కనిపించే టాన్సిల్స్ లాంటిదే. మూడు నుంచి ఏడేళ్ళ మధ్య అది బాగా పెరిగి ఉంటుంది, తర్వాత మెల్లగా తగ్గుతూ పోతుంది. అది దారికి అడ్డం పడిందా లేదా అన్నది సన్నటి గొట్టం కెమెరాతోనో, మెడ పక్కనుంచి తీసే ఎక్స్‌రేతోనో తెలుస్తుంది. టాన్సిల్స్ సైజు, ముక్కు దూలం వంకర, ముక్కు లోపలి పొర అలర్జీతో ఉబ్బి ఉందా అన్నవీ చూస్తారు. వీడియోలో ఊపిరి ఆగుతున్నట్టు ఉంటే రాత్రంతా వైర్లు పెట్టి చేసే నిద్ర పరీక్ష రాయొచ్చు. అందులో పెద్దవాళ్ళకి గంటకి ఐదు ఆటంకాల లోపు మామూలే అంటారు. పిల్లల్లో గంటకి ఒకటి దాటితేనే లెక్కలోకి తీసుకుంటారు.

చెవులు కూడా చూడమని మీరే అడగండి. అడినాయిడ్స్ పెద్దవైతే ముక్కు వెనక నుంచి చెవిలోకి వెళ్ళే సన్నటి గొట్టం మూసుకుపోయి, కర్ణభేరి వెనక నీరు చేరుతుంది. నొప్పి ఉండదు, చీము కారదు, వినికిడి మాత్రం తగ్గుతుంది. టీచర్ చెప్పిన "ధ్యాస లేదు"కి నిద్ర చాలకపోవడం ఒక కారణం కావచ్చు, వెనక బెంచీకి సరిగ్గా వినిపించకపోవడమూ కావచ్చు. ఇంట్లో టీవీ సౌండ్ పెంచుతున్నాడా? పక్క గదిలోంచి పిలిస్తే రెండోసారికి గానీ పలకడం లేదా? చెవిలో నీరు ఉందో లేదో చెప్పే టింపనోమెట్రీ అనే పరీక్ష నొప్పి లేకుండా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఈలోగా బాబుని ముందు బెంచీలో కూర్చోబెట్టమని టీచర్‌ని అడగండి, దానికి ఏ రిపోర్టూ అక్కర్లేదు.

ఎక్కడికి వెళ్ళాలి అంటారా? మీ వారిది పర్మనెంట్ ఉద్యోగమైతే ఉక్కునగరంలోని స్టీల్‌ప్లాంట్ ఆసుపత్రి నుంచే మొదలుపెట్టవచ్చు. లేదంటే ఆంధ్ర మెడికల్ కాలేజీకి అనుబంధంగా వాల్తేరులో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. గాజువాక నుంచి దూరమే, క్యూ కూడా ఉంటుంది. కానీ ఒక పూట సెలవు పెడితే జరిగే పనికి 45,000 ముందే కట్టాల్సిన పనిలేదు.

అలర్జీ కారణమైతే మొదట ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే ఇస్తారు. స్టెరాయిడ్ అనగానే మన వాళ్ళు హడలిపోతారు. ఇది ముక్కు పొర మీద పనిచేసే చిన్న మోతాదు, ఏడేళ్ళ పిల్లలకి డాక్టర్ పర్యవేక్షణలో మామూలుగా వాడేదే. గుణం తెలియడానికి వారాలు పడుతుంది. నాలుగు రోజులు కొట్టి "పనిచేయలేదు" అని పక్కన పడేయకండి. కొట్టే పద్ధతిలోనే చాలామంది తప్పు చేస్తారు. తల కొంచెం ముందుకు వంచి, స్ప్రే కొనని ముక్కు మధ్య గోడ వైపు కాకుండా బయటి వైపు, అదే పక్కనున్న చెవి దిక్కుకి తిప్పి కొట్టాలి. ఎడమ రంధ్రానికి కుడి చెయ్యి, కుడి రంధ్రానికి ఎడమ చెయ్యి వాడితే కోణం దానంతట అదే సరిగ్గా వస్తుంది. గట్టిగా ఎగపీల్చకూడదు, పీలిస్తే మందు గొంతులోకి పోతుంది. స్ప్రేకి ముందు ఉప్పునీటి చుక్కలతో ముక్కు శుభ్రం చేస్తే ఇంకా మంచిది.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే, వెంటనే ముక్కు తెరిపించే చుక్కలు వేరు. ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ రకాలవి. మూడు నాలుగు రోజులు దాటి వాడితే ముక్కు ముందుకంటే ఎక్కువ దిబ్బడేస్తుంది, చుక్క పడకపోతే నిద్ర పట్టని స్థితి వస్తుంది. అలాగే అలర్జీకి మాంటెలుకాస్ట్ కలిసిన మాత్ర లేదా సిరప్ రాస్తే వాడే రోజుల్లో పిల్లవాడి మూడ్ గమనించండి. పీడకలలు, కారణం లేని ఏడుపు, చిరాకు, కోపం కొత్తగా మొదలైతే డాక్టర్‌కి చెప్పండి. ఆ మందుకి ఇలాంటి ప్రభావాలు ఉండొచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో మందు వివరాల పత్రంలో గట్టి హెచ్చరిక పెట్టించింది. ఇక్కడ ఆ మాట చెప్పి ఇచ్చేవాళ్ళు తక్కువ.

ఇల్లు కూడా చూసుకోవాలి. విశాఖ గాలిలో తేమ ఎక్కువ, తేమ ఉన్న చోట పరుపుల్లో కంటికి కనిపించని ధూళి పురుగులు బాగా పెరుగుతాయి. దుప్పట్లు, గలీబులు వారానికోసారి బాగా వేడి నీళ్ళతో, వీలైతే 60 డిగ్రీల సెట్టింగ్‌లో ఉతకండి. మెత్తటి బొమ్మలు మంచం మీంచి తీసేయండి. మీ ప్రాంతంలో కిటికీ రెక్కల మీద పేరుకునే నల్లటి దుమ్ము గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. పొడి చీపురుతో ఊడిస్తే అది లేచి మళ్ళీ ముక్కులోకే వస్తుంది, తడిగుడ్డతో తుడవండి. దోమల కాయిల్ మానేసి దోమతెర కట్టండి. పడగ్గదిలో అగరొత్తులు వద్దు.

ఇవన్నీ చేసినా అడ్డు తొలగకపోతే, నిద్రలో ఊపిరి ఆగుతుంటే, అడినాయిడ్స్, టాన్సిల్స్ తీసేసే ఆపరేషన్ మాట వస్తుంది. ఇక్కడ మీ అత్తయ్య గారి మాటకి కొంత న్యాయం చేయాలి. 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. నిద్రలో ఊపిరి ఆటంకం ఉన్న 5 నుంచి 9 ఏళ్ళ పిల్లలు 464 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి వెంటనే ఆపరేషన్ చేశారు, రెండో గుంపుని గమనిస్తూ ఆగారు. ఏడు నెలల తర్వాత నిద్ర పరీక్ష చేస్తే ఆపరేషన్ అయినవాళ్ళలో 79 శాతం మందికి మామూలైంది, ఆగినవాళ్ళలో కూడా 46 శాతం మందికి మామూలైంది. అంటే "పెద్దయితే పోతుంది" అనేది గాలి మాట కాదు, దాదాపు సగం మందిలో నిజమైంది. కాకపోతే ఆ పిల్లలని డాక్టర్లు చూస్తూ ఆగారు. ఊరికే వదిలేసి ఆగలేదు. మరీ తీవ్రంగా ఉన్న పిల్లలని ఆ అధ్యయనంలో తీసుకోలేదు కూడా. ఇంకో మాట, ఆపరేషన్ తర్వాత పిల్లల ప్రవర్తన, నిద్ర బాగుపడ్డాయని తల్లిదండ్రులు చెప్పారు గానీ, ఏకాగ్రత పరీక్షల్లో మార్కులు రెండు గుంపులకీ పెద్ద తేడా రాలేదు. కాబట్టి ఆపరేషన్ చేయిస్తే లెక్కల్లో వందకి వంద వస్తాయని ఎవరైనా అంటే నమ్మకండి.

అత్తయ్య గారితో వాదన పెట్టుకోకండి. తెల్లవారుజామున తీసిన ఆ వీడియో సౌండ్ పెంచి ఒకసారి చూపించండి, చాలు. మీ వారికి కూడా.

ఇప్పుడు క్లినిక్‌వాళ్ళు చెప్పిన విషయానికి వద్దాం. నాలుక ఉండాల్సిన చోట లేదన్న మాట నిజమే అయి ఉంటుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు పెదాలు కలిసి, పళ్ళ మధ్య కొద్దిగా సందు ఉండి, నాలుక మొత్తం పైకి లేచి అంగిలికి ఆనుకుని ఉండాలి. "ల" అనబోయి ఆగిపోతే నాలుక కొన పై పళ్ళ వెనక చిగురు మీద ఎక్కడ ఆగుతుందో దాదాపు అక్కడ దాని చోటు. బయటి నుంచి బుగ్గలు, పెదాలు పళ్ళని లోపలికి నొక్కుతుంటాయి, లోపలి నుంచి నాలుక ఎదురు ఒత్తిడి ఇస్తుంది. నోటితో గాలి పీల్చాలంటే నాలుక కిందికి దిగక తప్పదు. లోపలి ఒత్తిడి పోతుంది, బుగ్గల ఒత్తిడి మిగులుతుంది. ఏళ్ళ తరబడి అలా సాగితే పై దవడ ఇరుకుగా, అంగిలి గోపురంలా ఎత్తుగా మారడం, కింది పెదవి పై పళ్ళ వెనక దూరి వాటిని ముందుకు నెట్టడం మా దగ్గరికి వచ్చే పిల్లల్లో తరచూ చూస్తాం. 1970, 80ల్లో ఎగిల్ హార్వోల్డ్ అనే పరిశోధకుడు పిల్ల కోతుల ముక్కులు మూసి నోటితో పీల్చేలా చేస్తే వాటి దవడలు, పళ్ళ వరసలు మారిపోయాయి. అయితే అన్నిటికీ ఒకేలా మారలేదు, ఏ కోతి నోటిని ఎలా సర్దుకుందో దాన్ని బట్టి మారాయి. పిల్లల ముఖమూ అంతే. నాన్న పోలిక, వేలు చీకడం, పాల సీసా ఎన్నాళ్ళు వాడారన్నది, ఇవన్నీ కలుస్తాయి.

పళ్ళ గురించి మాత్రం కొంచెం స్తిమితపడండి. ఏడేళ్ళకి కొత్తగా వచ్చే పై ముందు పళ్ళు కొంత ఎడంగా, కొంత వంకరగా ఉండటం మామూలే, పక్క పళ్ళు వచ్చేకొద్దీ కొంత సర్దుకుంటాయి. అంగిలి నిజంగా ఇరుకుగా ఉంటే దాన్ని వెడల్పు చేసే పరికరాలు ఉన్నాయి. పై దవడ మధ్యలోని అతుకు యుక్తవయసు రాకముందు సులువుగా విడుతుంది కాబట్టి మీకు ఇంకా టైమ్ ఉంది. రుషికొండలో గీతం డెంటల్ కాలేజీ, సంగివలసలో అనిల్ నీరుకొండ డెంటల్ కాలేజీ ఉన్నాయి. అక్కడి పిల్లల దంత విభాగంలో రెండో అభిప్రాయం తీసుకోండి. నేనూ పళ్ళ డాక్టర్‌నే కాబట్టి మా వాళ్ళ మీద చెప్పే హక్కు నాకుంది అనుకుంటాను: ముక్కు చూడకుండా నాలుకకి పాఠాలు చెప్పే పళ్ళ డాక్టర్ సగం పనే చేస్తున్నట్టు.

మయోఫంక్షనల్ థెరపీ అంటే పేరు భారీగా ఉంది గానీ, నాలుక, పెదాలు, బుగ్గల కండరాలకి చేయించే కసరత్తు. కొత్తదేం కాదు. ఆల్‌ఫ్రెడ్ రోజర్స్ అనే అమెరికన్ ఆర్థోడాంటిస్ట్ (పళ్ళ వరస సరిచేసే డాక్టర్) ముఖ కండరాల వ్యాయామాల గురించి 1918లోనే రాశాడు. గురక, నిద్ర ఆటంకాలకి దీన్ని వాడటం మాత్రం ఈమధ్య ఊపందుకుంది. 2015లో స్లీప్ అనే పత్రికలో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఈ వ్యాయామాలతో పిల్లల్లో నిద్ర ఆటంకాలు 62 శాతం దాకా తగ్గాయని తేలింది. క్లినిక్‌వాళ్ళు మీకు ఈ అంకె చూపించొచ్చు. ఆ లెక్కలో ఉన్న పిల్లలు 25 మంది మాత్రమే అన్నది చూపించకపోవచ్చు. ఆపరేషన్ తర్వాత, పై దవడ వెడల్పు చేశాక ఈ వ్యాయామాలు కొనసాగించిన పిల్లల్లో సమస్య తిరగబెట్టడం తక్కువని చిన్న అధ్యయనాలు కొన్ని చెప్తున్నాయి. నా అనుభవం కూడా అటే మొగ్గుతుంది: అడ్డు తొలిగాక పాత అలవాటు మాన్పించడానికి ఇది పనికొస్తుంది. అడ్డు ఉండగా మొదలుపెడితే పిల్లవాడు పగలు మీ ఎదుట పెదాలు మూస్తాడు, రాత్రి ఎప్పటిలాగే తెరుస్తాడు. వంకర పళ్ళని వ్యాయామం ఒక్కటే సరిచేస్తుందని కూడా ఆశపడకండి.

ఈఎన్‌టీ డాక్టర్ "ముక్కు దారి బాగుంది" అన్నాక ఇంట్లో మొదలుపెట్టగలిగినవి చెప్తాను. వీటికి ఖర్చు లేదు. నాలుక మొత్తాన్ని అంగిలికి అతికించి, నోరు బాగా తెరిచి, కొంతసేపు అలాగే పట్టి ఉంచి "టక్"మని వదలడం. పిల్లలు దీన్ని గుర్రపు డెక్కల చప్పుడులా ఆడుకుంటూ చేస్తారు. నాలుక కింద తీగలాంటిది లాగి అతకనివ్వకపోతే అది నాతోనో వేరే డాక్టర్‌తోనో చెప్పండి. అది బిగుసుగా ఉన్నంత మాత్రాన కోయించాల్సిన పనిలేదు, తినడానికో మాటకో నిజంగా అడ్డం వస్తేనే ఆ ఆలోచన. రెండోది, హోంవర్క్ చేసేటప్పుడు ఐస్‌క్రీం పుల్లని పళ్ళతో కాకుండా పెదాల మధ్య పట్టుకోవడం. ఐదు నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. బొత్తానికి దారం కట్టి పెదాల వెనక పెట్టి లాగే వ్యాయామం కూడా నేర్పిస్తారు. బొత్తాం గొంతులోకి జారే ప్రమాదం ఉంది కాబట్టి పెద్దవాళ్ళు పక్కన లేకుండా అది వద్దు. మూడోది, గుక్క నీళ్ళు తీసుకుని, నాలుక కొన దాని చోట పెట్టి, పెదాలు బిగించకుండా, పళ్ళు కలిపి మింగడం. అద్దం ముందు చేస్తే మూతి ముడుచుకుంటుందో లేదో వాడికే కనిపిస్తుంది.

రోజుకి రెండుసార్లు, పదేసి నిమిషాలు, నెలల తరబడి. అసలు కష్టం ఇక్కడే. ఏడాది ప్యాకేజీ కట్టి మూడో వారానికి మానేసిన ఇళ్ళు చాలా చూశాను. మీ వారికి నైట్ షిఫ్ట్ ఉన్న వారాల్లో పొద్దున్న స్కూలు హడావిడి మొత్తం మీ మీదే పడుతుంది. ఆ వారాల్లో సాయంత్రం ఒక్కసారే చేయించండి, మానేయకండి. అత్తయ్య గారికి ఈ పని అప్పజెప్పగలిగితే అంతకంటే మంచిది లేదు. "టక్" చప్పుడులో మనవడితో పోటీ పెట్టుకోమనండి.

సిలికాన్ ట్రైనర్‌ని పూర్తిగా కొట్టిపారేయను. ముక్కు తెరిచి ఉండి, పిల్లవాడు సహకరిస్తే కొందరికి ఉపయోగం ఉంటుంది. ముక్కు మూసుకుని ఉంటే మాత్రం అర్ధరాత్రి ఉమ్మేస్తాడు, పొద్దున్న మంచం కింద దొరుకుతుంది. తర్వాత ఎప్పుడైనా కట్టాలనుకుంటే ముందు ఇవి అడగండి: వాయిదాల్లో కట్టొచ్చా, మధ్యలో మానేస్తే ఎంత వెనక్కి ఇస్తారు, వ్యాయామాలు నేర్పించేది ఎవరు, ఎన్ని వారాలకోసారి చూస్తారు, మూడు నెలలకి ఏం మారితే పనిచేసినట్టు లెక్క. చివరి ప్రశ్నకి జవాబు తడుముకుంటే బయటికి వచ్చేయండి.

అన్నం బుగ్గన పెట్టుకోవడం అల్లరి కాకపోవచ్చు. ముక్కు మూసుకున్నవాడు నమలాలంటే ఊపిరి ఆపుకోవాలి, అందుకే ముద్ద పక్కకి తోసి ముందు గాలి పీల్చుకుంటాడు. ముక్కు బాగయ్యేదాకా తిట్టకండి, చిన్న ముద్దలు పెట్టండి. ముక్కు బాగయ్యాక మెత్తగా పిసికిన పప్పన్నం తగ్గించి నమిలే తిండి అలవాటు చేయండి. బీచ్‌లో కాల్చి అమ్మే మొక్కజొన్న పొత్తులు, సీజన్‌లో తేగలు, జామకాయలు. నమిలితే దవడ పెరుగుతుందని ఖాయంగా చెప్పను, నమలడం మాత్రం నేర్చుకుంటాడు.

స్విమ్మింగ్ ఈ సమస్యకి మందు కాదు. వాడికి ఇష్టమైతే చేర్పించండి, ఆటగా మంచిదే. కాకపోతే చెవుల పరీక్ష అయ్యాక, ఈఎన్‌టీ డాక్టర్‌ని అడిగి చేర్పించండి. పూల్ నీళ్ళలోని క్లోరిన్ కొందరు అలర్జీ పిల్లలకి ముక్కుని ఇంకా ఉబ్బిస్తుంది. దిగిన రోజు రాత్రి గురక పెరిగినట్టు అనిపిస్తే కొన్నాళ్ళు ఆపి చూడండి. ఈఎన్‌టీ రిపోర్టు, ఆ వీడియో గురించి రెండు ముక్కలు మళ్ళీ రాయండి, వ్యాయామాలు ఎప్పుడు మొదలుపెట్టాలో అప్పుడు చెప్తాను.